రెల్లు: ఒక అడవిగడ్డి చరిత్ర

చెన్నపట్టణమున మాధవరము పేరు చెప్పినంతనే పాలకాలనీ తలపునకు వచ్చును. 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య, పశువిజ్ఞాన విశ్వవిద్యాలయపు ప్రధాన కార్యాలయము కూడ ఆ కాలనీయందే కలదు. కావున ఈ ప్రాంతమున గడ్డి యనగా పశుగ్రాసమే యని తలచుట సహజము. పశువు ఇష్టముగా మేయు గడ్డి మంచిది, మేయనిది చెడ్డది. ఇదియే గడ్డికి లోకము పెట్టిన కొలత. ఈ కొలతతో చూచినచో మిక్కిలి తక్కువగా తేలు గడ్డి యొకటి కలదు. అది రెల్లు. ముదిరినపిమ్మట పశువులు దానిని ముట్టవు. పొలమున పడినచో రైతు దానిని పాము వలె చూచును. అయినను నేడు మనము కాఫీలో వేసికొను పంచదార యందును, పండుగనాటి బెల్లమునందును ఈ గడ్డి ఋణము కొంత యున్నది. ఆ ఋణము ఎట్లేర్పడెనో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము. ఈ కథకు ఆరంభము గోదావరి తీరము. నడుమ భాగము కోయంబత్తూరు. దానిలోని ముఖ్యులలో ఒకరి చివరి మజిలీ చెన్నపట్టణపు శివారు.

స్వరూపము

రెల్లు బహువార్షిక తృణము. దీనికి వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసు 1771లో సక్కారమ్ స్పాంటేనియమ్ అని నామకరణము చేసెను. మొదటి పదము చెరకు కుటుంబమును తెలుపును. రెండవదానికి తనంతట తాను మొలచునది యని అర్థము. విత్తువారును, నీరు పెట్టువారును లేకయే పెరుగు గడ్డికి ఇంతకంటె తగిన పేరుండదు.

ఏటి యిసుకలు, కాలువగట్లు, చెరువుల అంచులు దీనికి ప్రియమైన తావులు. సముద్రతీరము మొదలు హిమాలయ పాదముల వరకు భారతదేశమున ఇది కనబడని మండలము అరుదు. నేలను బట్టి దీని యెత్తు మారును. బీడునేలలో మోకాలి యెత్తుననే పూయును. నీటియొడ్డున రెండు నిలువుల యెత్తు పెరుగును. ఆకు సన్నము, పొడవు. నడుమ ఈనె తెల్లగా నుండును. ఆకు అంచులయందలి ఇసుకపదార్థము వలన అజాగ్రత్తగా పట్టినచో చేయి తెగును. కాడ సన్నగా, గట్టిగా, పీచుతో నిండియుండును. దానిలో తీపి స్వల్పము. నేలలోపల అడ్డముగా ప్రాకు కాండములు దీని బలము. పైభాగమును కోసినను, కాల్చినను, వరదలో మునిగినను, ఆ కాండముల కణుపులనుండి మరల పిలకలు లేచును.

వానలు వెనుకబట్టునపుడు, భాద్రపదము మొదలు కార్తికము వరకు, ఇది పూచును. కంకి నిండ పట్టువంటి తెల్లని నూగుండుటచే రెల్లుదుబ్బులన్నియు ఒక్కసారి తెల్లబారినట్లగును. శరదృతువు వచ్చినదనుటకు ఇదియే గుర్తు. కాళిదాసు తన ఋతుసంహారమున శరత్తునకు ఈ పూలనే వస్త్రముగా కట్టినాడు. ఆ నూగును ఆధారముగా చేసికొని విత్తనము గాలిలో బహుదూరము పోవును.

పేరులు చెప్పు చుట్టరికము

నిఘంటువులలో ఈ పదము బండి ఱకారముతో ఱెల్లు అనియు కనబడును. సంస్కృతమున దీనిని కాశ మందురు. అమరకోశము దీనికి ఇక్షుగంధ యనియు పర్యాయపదము చెప్పినది. ఇక్షువనగా చెరకు. చెరకు వాసన గలది యని ఆ పేరునకు అర్థము. తెలుగున దీనికి కాకిచెరకు అను పేరును కలదు. మేలైన వస్తువును పోలియుండియు దాని గుణము లేనిదానికి కాకి శబ్దమును ముందు చేర్చుట మన భాషలోని మర్యాద; కాకిబంగారము ఇందుకు సాక్షి. తమిళులు అడవిచెరకును పేయ్‌క్కరుంబు, అనగా దయ్యపుచెరకు, అని పిలిచిరి.

ఈ మూడు భాషల పేరులును ఒక్క విషయమునే చెప్పుచున్నవి. ఈ గడ్డి చెరకునకు చుట్టము. కాని తీపి లేని చుట్టము. సూక్ష్మదర్శినియు, క్రోమోసోముల లెక్కయు పుట్టుటకు ఎన్నియో శతాబ్దులకు పూర్వమే, ఏటిగట్టున తిరుగు జనులు కంటితో, ముక్కుతో, నాలుకతో ఈ బంధుత్వమును గుర్తించిరి. ఆయుర్వేదమునను దీనికి సాక్ష్యము కలదు. తృణపంచమూలమను ఔషధవర్గమున దర్భ, కాశ, ఇక్షు, శర, శాలి మూలములను కలిపి చెప్పిరి. అనగా రెల్లువేరును చెరకువేరును ఒకే వరుసలో నిలిపిరి. ఇవి మూత్రమును జారీచేయుననియు, పిత్తమును శమింపజేయుననియు వైద్యుల మతము. ఇచట కాశమును శరమును వేరువేరుగా చెప్పుట గమనింపదగినది. కుమారస్వామి పుట్టిన శరవణమును తెలుగువారు రెల్లుపొద యనుచున్నారు. వాడుకలో రెల్లు అను మాట ఈ దగ్గరి జాతులన్నింటిని కప్పుకొన్నది.

మాధవరమునకు తూర్పున, సముద్రపుటొడ్డున, తిరువొత్తియూరున పట్టినత్తారు సమాధి యున్నది. ఆ సిద్ధునికి శివుడు పేయ్‌క్కరుంబు నొసగెననియు, అది యెచట తీపెక్కునో అచటనే ముక్తి యని చెప్పెననియు, ఊరూర తిరిగి తిరిగి తిరువొత్తియూరున దాని రుచి చూడగా తియ్యగా నుండెననియు స్థలకథ. ఇది భక్తులు చెప్పుకొను కథయే గాని వృక్షశాస్త్రము కాదు. అయినను దయ్యపుచెరకు తీపెక్కుట యను తలంపు జనుల మనస్సులో నుండినదనుటకు ఇది చాలును. ఇరువదవ శతాబ్దిలో ఆ పని ఒక ప్రయోగక్షేత్రమున నిజముగా జరిగినది.

వాడుకలు, పెంపకము

ఆ కథలోనికి పోవుటకు ముందు పల్లెవాసులు రెల్లును ఎట్లు వాడుకొనిరో చెప్పవలెను. మొదటి వాడుక ఇంటికప్పు. పూత ముగిసి కాడ ఎండినపిమ్మట కోసి, కట్టలు కట్టి, వాసములపై దట్టముగా పరచి కప్పుదురు. నదీలంకలయందు మట్టి మిద్దె నిలువదు. వరద వచ్చినచో విప్పుకొని పోదగిన ఇల్లు కావలెను. అట్టిచోట రెల్లుపాక పేదవానికి చేతనైన ఇల్లు. దీని కాడలతో తడికలు, చాపలు అల్లుదురు. కంకులతో చీపుళ్ళు కట్టుదురు. పీచును త్రాడుగా పేనుదురు. కాడను చెక్కి కలముగా వాడుటయు కలదు. లేతపిలకలను గేదెలు, మేకలు మేయును. అందుచే పాత దుబ్బులను కాల్చి క్రొత్త పిలకలు రప్పించు వాడుక యేర్పడినది.

రెల్లును పంటగా సాగుచేయు పద్ధతి సాధారణముగా లేదు. ఏటిగట్టు కోతపడుచోట, ఇసుక మేటవేసి పొలము మీదికి వచ్చుచోట, దీనిని బుద్ధిపూర్వకముగా నాటుట మేలు. విత్తుకంటె దుబ్బు చీల్చి పిలకలను నాటుటయే సులువు. తొలకరిలో నాటినచో వానకాలము ముగియునప్పటికి వేళ్ళును నేలలోని కాండములును ఇసుకను పట్టుకొనును. ఎరువక్కరలేదు, నీరు కట్టనక్కరలేదు. కాని పొలమునకు సమీపమున నాటరాదు. గట్టును కాపాడు ఆ కాండములే పొలములోనికి ప్రాకినచో పంటను మ్రింగివేయును.

ఈ రెండవ గుణముచే రెల్లు లోకమున అపకీర్తి పాలైనది. మధ్యభారతమున, బుందేలుఖండమున నల్లరేగడి నేలలను ఇది ఆక్రమింపగా దేశవాళీ నాగలి దాని వేళ్ళను చేరలేకపోయెను. పందొమ్మిదవ శతాబ్దిలో రైతులు అచట పొలములను విడిచిపోయిరి. స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట ఆ భూములను ట్రాక్టర్లతో లోతుగా దున్నించుటకు ప్రభుత్వము పూనుకొనెను. 1949లో ప్రపంచబ్యాంకు భారతదేశమునకిచ్చిన రెండవ ఋణము, కోటి డాలర్లు, ముఖ్యముగా ఈ గడ్డిని పెకలించు యంత్రముల కొరకే. అమెరికా సంయుక్తరాష్ట్రములు దీనిని హానికరమైన కలుపుజాతుల పట్టికలో చేర్చినవి. పనామా కాలువ పరిసరములలో ఇది అడవిని మరల మొలవనీయక అడ్డుపడుచున్నది.

గోదావరి చెరకునకు వచ్చిన ఆపద

ఒకవైపున ఇట్లు నిందలు మోయుచున్న గడ్డి, మరియొకవైపున చెరకునకు ఎట్లు అక్కరకు వచ్చినదో చూతము.

చెరకును విత్తనముతో సాగుచేయరు. గడను ముక్కలుగా నరికి ముచ్చెలు నాటుదురు. ముచ్చెనుండి వచ్చు మొక్క తల్లిగడకు అచ్చమైన ప్రతిరూపము. ఇందువలన తీపియు, రసమును మారక నిలుచును. కాని ఇందే అపాయము నున్నది. ఒక గడ ఏ తెగులునకు లొంగునో, ఆ రకము నాటిన పొలములన్నియు దానికి లొంగును. తెగులు ముచ్చెలోపల దాగి ఒక ఊరినుండి మరియొక ఊరికి బండి యెక్కి పోవును.

పందొమ్మిదవ శతాబ్ది చివర గోదావరి డెల్టాలో ఇట్టి ఉపద్రవమే సంభవించెను. గడ చీల్చి చూచినచో లోపలి గుజ్జు ఎర్రబారి, నడుమనడుమ తెల్లని అడ్డుచారలతో కనబడును. పులిసిన కల్లువంటి వాసన వేయును. క్రమముగా ఆకు వాడి, గడ బోలుపడి ఎండును. ఇదియే ఎర్రకుళ్ళు తెగులు. ఒక శిలీంధ్రము దీనికి కారణము. గానుగకు చేరవలసిన తోటలు తగులబెట్టదగినవయ్యెను. 1898లో మదరాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చిన చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ బార్బరు గోదావరి, గంజాము జిల్లాల చెరకు తెగుళ్ళను పరిశీలించి 1901లో నివేదిక ప్రకటించెను. 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధనక్షేత్రము వెలసెను. నాటి దేశవాళీ రకములకు మారుగా ఎర్ర మారిషసు మొదలగు పరదేశపు చెరకులను అచట పరీక్షించి రైతుల కందించిరి. 1913లో అనకాపల్లిలో మరియొక క్షేత్ర మేర్పడెను. అది నేటికిని చెరకు పరిశోధనకు పేరుగన్న కేంద్రము.

అయితే ఒక రకము చెడినపుడు మరియొక దేశమునుండి ఇంకొక రకమును తెచ్చుకొనుట ఆపద్ధర్మమే గాని శాశ్వతమైన పరిష్కారము కాదు. క్రొత్తరకము పుట్టవలెనన్నచో చెరకు పూచి, విత్తు పట్టి, ఆ విత్తు మొలవవలెను. చెరకునకు మొలచు విత్తు పట్టునను సంగతియే 1888 ప్రాంతమున జావాలోను, బార్బడోసు ద్వీపమునను స్థిరపడినది. భారతదేశమున చెరకు బాగుగా పూచి విత్తు పట్టు చోటు కోయంబత్తూరు. కనుకనే 1912లో చెరకు ప్రజననకేంద్రమును అచట నెలకొల్పి, గోదావరి తెగులును కన్నులార చూచిన బార్బరునకే దానిని అప్పగించిరి. ఆయనకు తోడుగా నిలిచినవాడు తిరువాడి సాంబశివ వెంకటరామన్ (1884–1963). బార్బరు పిమ్మట ఆ కేంద్రమును నడిపించి, తరువాత సర్ బిరుదమును, 1956లో పద్మభూషణమును పొందినవా డీయనయే.

కాకిచెరకుతో వియ్యము

ఆ కాలమున ఉత్తరభారతపు రైతులు సన్నని, గట్టి గడలు గల చెరకును సాగుచేయుచుండిరి. అవి చలికి, ఎండకు ఓర్చును గాని రసము తక్కువ. దక్షిణమున లావైన మేలిచెరకులు రసవంతములు. కాని ఉత్తరపు చలిలో నిలువవు. ఈ రెండు గుణములు ఒక్కచోట కూడవలెను. ఓర్పునకు ఆదర్శమైన మొక్కకై వెదకినవారి కంటికి ఏటిగట్టుననున్న రెల్లు కనబడెను. వరదకు చావదు, కరవునకు చావదు, కోసిన కొలది పిలకలు వేయును, తెగుళ్ళను లక్ష్యపెట్టదు.

1912లో వెళ్ళై యను మేలిచెరకు తల్లిగాను, కోయంబత్తూరు ప్రాంతపు రెల్లు తండ్రిగాను సంకరము జరిపిరి. ఆ సంతతినుండి ఎన్నుకొన్న మొక్కకు, కోయంబత్తూరు పేరులోని మొదటి అక్షరము చేర్చి, కో. 205 అని పేరిడి, 1918లో పంజాబు రైతుల కొసగిరి. ఒక అడవిగడ్డిని బుద్ధిపూర్వకముగా పంటచెరకుతో కలిపి, పుట్టినదానిని సాగులోనికి తెచ్చి ఫలము పొందుట లోకమున ఇదియే మొదటిసారి.

ఈ సంకరమున ఒక విచిత్రము తరువాత తేలినది. మేలిచెరకు కణమునందు 80 క్రోమోసోములు. కోయంబత్తూరు రెల్లునందు 64. సాధారణ నియమము ప్రకారము సంతతికి చెరిసగము వచ్చి 72 ఉండవలెను. కాని కో. 205 నందు 112 లెక్కకు వచ్చినవి. అనగా తల్లి తన 80ని పూర్తిగా ఇచ్చెను. రెల్లు మాత్రము తన సగమగు 32నే ఇచ్చెను. ఇందువలన తల్లి తీపి మిగిలెను, తండ్రి ఓర్పు చేరెను. ఇట్టి సంతతిని మరల మరల మేలిచెరకులతో కలుపుచు పోయినచో తీపి పెరుగును, ఓర్పు నిలుచును.

జావాలోని డచ్చి శాస్త్రజ్ఞులును ఈ దారినే నడచిరి. అచట చేరిబాన్ చెరకును రెల్లును కలిసి తమంతట తాము పుట్టిన కస్సోయెర్ అను సంకరము కలదు. దాని వంశమున 1921లో యెస్వియెట్ అను శాస్త్రజ్ఞుడు పుట్టించిన పి.ఓ.జె. 2878 లోకప్రసిద్ధమయ్యెను. ఆ రకమును తల్లిగా గొని కోయంబత్తూరున తీసినదే కో. 419. దక్షిణాపథమున, తెలుగు జిల్లాలలో సహా, ఆ చెరకు దశాబ్దులపాటు ఏలినది. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణసుంకము కలిగెను. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. అంతకుముందు జావా చక్కెరకై చేయిచాచిన దేశము తన చక్కెరను తాను చేసికొనసాగెను. సుంకము పరిశ్రమకు గోడ వంటిది. ఆ గోడలోపల పండినది మాత్రము రెల్లు రక్తము కలిసిన చెరకు. నేటి సాగురకముల క్రోమోసోములలో ఇంచుమించు పదింట ఒక వంతు, కొన్నింట అంతకు కొంచెము మించి, రెల్లునుండి వచ్చినవే.

ఈ కథలో మరువరాని పేరు జానకి అమ్మాళ్ (1897–1984). తలశేరిలో జన్మించిన ఈ విదుషీమణి 1934 నుండి 1939 వరకు కోయంబత్తూరున పనిచేసి, చెరకు, రెల్లు జాతుల క్రోమోసోములను పరిశోధించెను. చెరకును మొక్కజొన్నతో సైతము సంకరము చేసి చూపెను. ఆమె 1970లో చెన్నపట్టణము చేరి, మద్రాసు విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర కేంద్రమున పనిచేయుచు, మదురవాయల్ లోని ప్రయోగక్షేత్రముననే చివరిదాక నివసించెను. ఆమెకు 1977లో పద్మశ్రీ లభించినది. నగరపు శివారులలో నివసించు మనము ఆమెను మనవారిలో ఒకరుగా స్మరించుకొనుట తగును.

తరుగని అవసరము

ఒక్క సంకరముతో ఆపద శాశ్వతముగా తొలగెనని తలపరాదు. తెగులు కలిగించు శిలీంధ్రమును మారుచుండును. ఒకనాడు ఓర్చిన రకము మరియొకనాడు లొంగును. 1938 తరువాత బీహారు, సంయుక్తరాష్ట్రములయందు కో. 213 రకమును ఎర్రకుళ్ళు నాశనము చేసెను. మన కాలముననే, 2009లో విడుదలయై ఉత్తరప్రదేశమున విస్తరించిన కో. 0238 రకమునకును అదే గతి పట్టినది. గోదావరి రైతు చూచిన ఎర్రని గుజ్జును గంగాతీరపు రైతు నూరేండ్లు దాటినపిమ్మట మరల చూచుచున్నాడు. ప్రతిసారియు శాస్త్రజ్ఞుడు అడవిరకముల వద్దకు మరలిపోవలసియే యున్నది.

ఇట్లు మరలిపోవుటకు అవి మిగిలియుండవలెను. ఒక చోటి రెల్లు మరియొక చోటి రెల్లు కాదు. పంజే, బాబు అను శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిన పరిశోధనలో ఈ జాతి క్రోమోసోముల సంఖ్య ప్రాంతమును బట్టి 40 మొదలు 128 వరకు మారునని చూపిరి. చలినోర్చునది యొకటి, ఉప్పునీటి నోర్చునది యొకటి, ఎర్రకుళ్ళును త్రోసిపుచ్చునది యొకటి. కోయంబత్తూరు, కన్ననూరు క్షేత్రములలో పెక్కు రకములు సేకరించి కాపాడుచున్నారు. కాని క్షేత్రమున నాటినది ఆనాటి రూపమున నిలుచును. ఏటిగట్టుననున్నది క్రొత్త ఎండలకును క్రొత్త తెగుళ్ళకును నేర్చుకొనుచు మారుచుండును. ఇసుక తవ్వకములతో నదీలంకలు చెదరుచున్నవి. 2011లో మాధవరము చెన్నై నగరపాలికలో చేరినది. ఇట్లు నగరము విస్తరించుచున్న కొలది చెరువుల అంచులు కుంచించుకొనిపోవుచున్నవి. అంచు లేని చెరువున నీరుండవచ్చును గాని ఒడ్డున పెరుగు గడ్డిజాతులుండవు.

రైతు తన పొలమున రెల్లును పెరుగనీయవలెనని ఎవరును చెప్పరు. అచట దానిని పెకలించుటయే న్యాయము. పొలమునకు కానిది గట్టునకు కావలసినదను వివేకము మాత్రము మనకుండవలెను. ఈ గడ్డికి కాకిచెరకని పేరిడిన పూర్వులు దానిని చులకన చేసిరి గాని, ఆ చులకనలో సైతము చుట్టరికమును మరువలేదు. మాధవరము, పుళల్, రెట్టేరి చెరువుల వెంట ఏయే గడ్డిజాతులు మిగిలియున్నవో, వానిని మన తెలుగు కుటుంబములలోని వృద్ధులు ఏ పేరులతో పిలుతురో వ్రాసిపెట్టుట కష్టమైన పని కాదు. శరత్కాలమున రెల్లు పూచు రెండు నెలలు ఆ పనికి అనువైనవి. అపుడు దానిని గుర్తించుటకు శాస్త్రపాండిత్యము అక్కరలేదు, తెల్లని కంకిని చూచిన చాలును.